సెట్ – ఒక్క మాట, వంద పనులు

పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ‘సెట్’ అనే మాట మన ఇంట్లో ఎన్నిసార్లు వినపడుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? అలారం సెట్ చేశావా అని ఆయన అడుగుతారు. టిఫిన్‌కి సెట్ దోశ కావాలంటాడు అబ్బాయి. లెక్కల్లో సెట్స్ పాఠం అర్థం కాలేదంటుంది అమ్మాయి. పక్కింటి పిన్నిగారు ముత్యాల సెట్ చూపించడానికి వస్తారు. మధ్యాహ్నం ఊరినుంచి ఫోను... సంబంధం సెట్ అయిందట! ఇంతలో ఫ్రిజ్‌లో పెట్టిన పుడ్డింగ్ సెట్ అయిందో లేదో చూడాలి.

మాట ఒకటే. పనులు మాత్రం ఒకదానికొకటి పొంతన లేనివి. మనం తెలుగులోనే మాట్లాడుతున్నామని అనుకుంటాం గానీ, ఈ ఇంగ్లీషు మాట మన వంటింట్లో పీట వేసుకుని ఎప్పుడో కూర్చుంది. ఎలాగూ కూర్చుంది కాబట్టి దాని సంగతేమిటో పూర్తిగా తెలుసుకుందాం. ఈ వారం దీన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒక సోదరి రాసిన ఉత్తరం. దాని గురించి కింద చెబుతాను. అది చదవకుండా మాత్రం పేజీ తిప్పకండి.

ఎంత పెద్ద మాటో చూడండి!

1989లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పు 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించిన మాట ఏదనుకున్నారు? మూరెడు పొడుగున్న శాస్త్రీయ పదమేదో కాదు. మూడక్షరాల ఈ ‘సెట్టే’! ఒక్క క్రియగానే దీనికి 430కి పైగా అర్థాలు, వివరణకి సుమారు 60,000 మాటలు. అంటే చిన్న నవలంత అన్నమాట. తర్వాత జరిగిన సవరణల్లో ‘రన్’ దీన్ని దాటేసింది. 2011 నాటికి ‘రన్’కి క్రియగా 645 అర్థాలు లెక్కతేలాయి. అయినా సరే, మన ఇళ్లలో ‘సెట్’కి ఉన్న చనువు ‘రన్’కి లేదు.

430 అర్థాలని భయపడకండి. అన్నీ ఎవరూ బట్టీ పట్టరు, పట్టనక్కర్లేదు. మూలం పట్టుకుంటే చాలు, మిగతావి వాటంతటవే అర్థమవుతాయి.

‘సిట్’ అంటే కూర్చోవడం. ఇది అందరికీ తెలుసు. ‘సెట్’ అంటే పూర్వం కూర్చోబెట్టడం. మనకి ‘తిను – తినిపించు’, ‘నిలుచు – నిలబెట్టు’ ఉన్నట్టే వాళ్లకి ‘సిట్ – సెట్’. ఒక వస్తువుని దాని చోట, అది ఉండవలసిన తీరున కూర్చోబెడితే అది ‘సెట్’. గడియారం ముల్లుని ఆరు గంటల దగ్గర కూర్చోబెడితే అలారం సెట్. ఉంగరంలో రాయిని కూర్చోబెడితే రాయి సెట్. ఎముకని దాని చోట కూర్చోబెడితే ఎముక సెట్. చివరికి సూర్యుడు కిందికి దిగి కూర్చుంటే సన్‌సెట్, మనం పొద్దుగుంకడం అంటామే, అది!

మరి ‘గుంపు, జత, వరస’ అనే అర్థం ఎలా వచ్చింది? టీ సెట్, డిన్నర్ సెట్, నగల సెట్... ఈ ‘సెట్’ వేరే దారిన వచ్చిన మాట. పాత ఫ్రెంచి నుంచి, అంతకుముందు లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం ఒకరి వెంట నడిచేవాళ్లు, ఒక కూటమి. రెండు వేరు వేరు ఊళ్లనుంచి వచ్చిన ఇద్దరు ఒకే ఇంటిపేరుతో ఒకే వీధిలో కాపురం పెట్టినట్టు, రెండూ ‘సెట్’ గానే స్థిరపడి కలిసిపోయాయి.

మనకీ ఉందండీ ఒక ‘సెట్’

ఇంగ్లీషువాళ్లు ఒక్క మాటతో ఇన్ని పనులు చేస్తారా అని ఆశ్చర్యపోకండి. మన ‘పెట్టు’ సంగతి చూడండి. అన్నం పెడతాం, బొట్టు పెడతాం, ముగ్గు పెడతాం, ఆవకాయ పెడతాం, బిడ్డకి పేరు పెడతాం. కోడి గుడ్డు పెడుతుంది. ఆడపడుచు పేచీ పెడుతుంది. మేష్టారు పరీక్ష పెడతారు. దొంగ కన్నం పెడతాడు. చిట్టీలవాడు నామం పెడతాడు! దేనికీ దేనికీ సంబంధం లేదు. అయినా రెండేళ్ల పిల్లకి కూడా ఇవి కలగాపులగం కావు. ఎందుకని? పక్కనున్న మాట చూసి మనం అర్థం చేసుకుంటాం గనుక. ‘బొట్టు’ వినగానే ‘పెట్టు’ ఏమిటో తెలిసిపోతుంది.

‘సెట్’ కూడా అంతే. దాని ముందు ఏముంది, వెనక ఏముంది అన్నది చూడాలి. ఒంటరిగా దాని అర్థం అడిగితే ఇంగ్లీషు ప్రొఫెసరు కూడా తల గోక్కుంటాడు.

ఇంకో సుఖం ఏమిటంటే ఈ మాటకి రూపాలు మారవు. నిన్న చేసినా సెట్టే, ఇవాళ చేసినా సెట్టే, చేసేసి ఉన్నా సెట్టే. ‘ఐ సెట్ ది అలారం ఎస్టర్‌డే’ అనాలి. ‘సెట్టెడ్’ అనే మాట లేదు. ‘అతను’, ‘ఆమె’, ‘అది’ రోజూ చేసే పనైతే ‘సెట్స్’. చేస్తూ ఉంటే ‘సెట్టింగ్’. వ్యాకరణం ఇంతటితో సరి!

వంటింట్లో సెట్

వంటల పేజీల్లోనూ, టీవీ వంటల్లోనూ ఈ మాట రెండు రకాలుగా వస్తుంది. రెండూ కలిపేసుకుంటే వంట చెడుతుంది.

మొదటిది ‘గడ్డకట్టడం, బిగియడం’. పెరుగు తోడుకుంటే ‘ది కర్డ్ హాజ్ సెట్’ అంటారు. పాలు కాచి, వేలు పెడితే గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేస్తాం. తోడులో ఉన్న సూక్ష్మజీవులు పాలలోని చక్కెరని పులుపుగా మారుస్తాయి. ఆ పులుపుకి పాలలోని మాంసకృత్తులు గడ్డకడతాయి. పాలు మరీ వేడిగా ఉంటే ఆ జీవులు చచ్చిపోతాయి, మరీ చల్లగా ఉంటే పని చెయ్యవు. అందుకే చలికాలంలో గిన్నెకి గుడ్డ చుట్టి వెచ్చని చోట పెడతాం. తోడుకునేదాకా గిన్నె కదపవద్దని అమ్మమ్మలు చెప్పిందీ ఇందుకే. కదిలితే ‘సెట్’ కాదు, విరుగుతుంది.

జెల్లీలు, పుడ్డింగులు కూడా ‘సెట్’ అవుతాయి. ఇక్కడొక చిన్న మెలిక ఉంది. చైనా గ్రాస్ వేసినవి బయట పెట్టినా గడ్డకడతాయి. ఎండాకాలం బల్లమీద పెట్టినా కరగవు. జెలటిన్ వేసినవి మాత్రం ఫ్రిజ్‌లోనే సెట్ కావాలి, బయటికి తీస్తే మెత్తబడతాయి. చైనా గ్రాస్ సముద్రపు నాచునుంచి తీస్తారు, జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మాలనుంచి తీస్తారు. శాకాహారులు కొనేముందు అట్టపెట్టె మీద ఏముందో చదువుకోండి. ఇంకో మాట. జెలటిన్ జెల్లీలో పచ్చి అనాసపండు ముక్కలు, పచ్చి బొప్పాయి వేశారో... రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా అది సెట్ కాదు! ఆ పళ్లలో ఉన్న పదార్థం జెలటిన్‌ని విరగగొట్టేస్తుంది. అనాస కావాలనుకుంటే ముక్కల్ని కాసేపు ఉడికించి చల్లార్చి వేసుకోండి. డబ్బాలో వచ్చే ముక్కలైతే బాధలేదు, అవి ముందే ఉడికించినవి.

రెండోది ‘సెట్ అసైడ్’. ‘సెట్ అసైడ్ ఫర్ టెన్ మినిట్స్’ అని ఉంటే పది నిమిషాలు పక్కన పెట్టమని అర్థం. పూరీ పిండి కలిపి పక్కన పెడతామే, అలాగన్నమాట. ఈ ‘సెట్ అసైడ్’ని గుర్తుపెట్టుకోండి. వంటింట్లో ఇది చాలా మంచిమాట. వంటిల్లు దాటాక దీని సంగతి వేరు.

అన్నట్టు, ‘సెట్ దోశ’లో సెట్ అంటే గడ్డకట్టడం కాదు. కన్నడ దేశపు హోటళ్లలో మెత్తని చిన్న దోశలు రెండో మూడో కలిపి ఒక వరసగా ఇస్తారు గనుక ఆ పేరు. అలాగే ‘సెట్ ది టేబుల్’ అంటే బల్లని తయారుచేయడం కాదు, భోజనానికి కంచాలూ గ్లాసులూ సర్దడం. మన ‘ఆకులు వేశారా?’ అన్నమాట.

నగలు, ఇల్లు, కాలు

నగల దుకాణంలో ఈ మాట రెండర్థాల్లోనూ వినపడుతుంది. నెక్లెసు, దుద్దులు, ఉంగరం కలిపి ‘సెట్’. రాళ్లు పొదగడం ‘సెట్టింగ్’. రాయి వెనక వెలుతురు వచ్చేలా వదిలేస్తే ఓపెన్ సెట్టింగ్, వెనక మూసేస్తే క్లోజ్డ్ సెట్టింగ్. మూసిన వాటిలో రాయి అసలు రంగు, లోపాలు తెలుసుకోవడం కష్టం. రాళ్ల సెట్ కొన్నప్పుడు మొత్తం బరువుకి బంగారం ధర కట్టనివ్వకండి. రాళ్ల బరువు తీసేసి నికరమైన బంగారం బరువు ఎంతో, స్వచ్ఛత ఎంతో బిల్లులో విడిగా రాయించుకోండి. 2021 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తు ఉంటోంది. అదీ చూసుకోండి. సిగ్గుపడేదేముంది? డబ్బు మనది!

ఇల్లు కట్టుకునేవాళ్లకి ఈ మాట రెండుసార్లు తగులుతుంది. ఒకటి, సిమెంటు సెట్ కావడం. మామూలు సిమెంటు నీళ్లు తగిలిన 30 నిమిషాల లోపల బిగియడం మొదలుపెట్టకూడదనీ, 600 నిమిషాలు, అంటే పది గంటల లోపల పూర్తిగా బిగియాలనీ మన దేశపు ప్రమాణం. అందుకే కలిపిన మాలు అరగంటలోగా వాడెయ్యాలంటారు. సగం బిగిసిన మాలులో మేస్త్రీ మళ్లీ నీళ్లు కొట్టి కలుపుతుంటే ఊరుకోకండి. ఇంకోటి, సెట్ కావడం వేరు, బలం రావడం వేరు. పైకి గట్టిపడింది కదా అని నీళ్లు కొట్టడం మానేస్తే గోడ జీవితాంతం బలహీనంగానే ఉంటుంది. మామూలు సిమెంటుకి కనీసం వారం రోజులు తడపాలి.

రెండోది ‘సెట్‌బ్యాక్’. ప్లాను కాగితాల్లో ఈ మాట ఉంటుంది. ఇంటి గోడకీ మన స్థలం హద్దుకీ మధ్య వదలాల్సిన ఖాళీ జాగా అది. ఎంత వదలాలన్నది స్థలం విస్తీర్ణం, రోడ్డు వెడల్పు, ఇంటి ఎత్తుని బట్టి ఉంటుంది. ఆ కాస్త జాగాలో ఒక గది కలిసొస్తుందని కట్టేసుకుంటే, తర్వాత నోటీసు వస్తుంది. మామూలు మాటల్లో అదే ‘సెట్‌బ్యాక్’కి ఎదురుదెబ్బ అని అర్థం. ఒకటి వదలకపోతే రెండోది తగులుతుందన్నమాట!

ఇక కాలో చెయ్యో విరిగినప్పుడు డాక్టరు ‘బోన్ సెట్ చెయ్యాలి’ అంటారు. జరిగిన ఎముకని దాని చోటికి తెచ్చి కూర్చోబెట్టి కట్టు వేయడం. మన పుత్తూరు కట్టు పేరు పొందింది ఈ పనికే. అయితే ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చినా, వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కినా కట్టుకోసం ఊరు వెళ్లే వ్యవధి లేదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మందుల చీటీలో ‘ఐవీ సెట్’ అని ఉంటే కంగారు పడకండి. సెలైను ఎక్కించే గొట్టం అది.

పిల్లల చదువు దగ్గర

లెక్కల్లో ‘సెట్స్’ అంటే ఏమిటని పిల్లలు అడిగితే, ‘నాకు ఇంగ్లీషు మీడియం లెక్కలు రావు, నాన్ననడుగు’ అనేస్తున్నారా? ఒక్క నిమిషం. మీరు తెలుగు మీడియంలో పదో తరగతి చదివారా? ‘సమితులు’ గుర్తున్నాయా? అవేనండీ ఇవి! ఎంప్టీ సెట్ అంటే శూన్య సమితి. సబ్‌సెట్ అంటే ఉపసమితి. యూనియన్ అంటే సమ్మేళనం, ఇంటర్‌సెక్షన్ అంటే ఛేదనం. వంకాయ, బెండకాయ, టమాటా ఒక సంచిలో. టమాటా, ఉల్లిపాయ, మిరపకాయ ఇంకో సంచిలో. రెండింట్లోనూ ఉన్నది టమాటా, అదే ఛేదనం. రెండు సంచులూ కుమ్మరిస్తే వచ్చే అయిదు రకాలూ సమ్మేళనం. టమాటా రెండుసార్లు లెక్కపెట్టకూడదు, అంతే! మీకు తెలియనిది లెక్క కాదు, దాని ఇంగ్లీషు పేరు మాత్రమే. ఆ తేడా పిల్లల ముందు నిలబడి చెప్పండి. అమ్మకి ఏమీ రాదనే మాట ఇంట్లో మొలవకముందే తుంచెయ్యాలి.

ఇంకో సంగతి. పిల్లలు రాసే ఎంసెట్, ఇప్పుడు పేరు మారిన ఈఏపీసెట్, ఐసెట్ లాంటి వాటిలో ఉన్న ‘సెట్’కీ మన ‘సెట్’కీ చుట్టరికం లేదు. అది ‘కామన్ ఎంట్రన్స్ టెస్ట్’ అనే మూడు మాటల మొదటి అక్షరాలు. అన్ని కాలేజీలకీ కలిపి పెట్టే ప్రవేశపరీక్ష అని.

మనం వాడే తీరు, వాళ్లు వాడే తీరు

మనం తెలుగులో కలిపి మాట్లాడేటప్పుడు ‘సెట్’ని మన ఇష్టం వచ్చినట్టు వాడతాం. తప్పులేదు, మన తెలుగు మనిష్టం. కానీ ఇంగ్లీషులో మాట్లాడాల్సి వచ్చినప్పుడు అలాగే అనేస్తే ఎదుటివాళ్లకి అర్థం కాదు.

‘ఈ రంగు నీకు సెట్ కాలేదు’ అంటాం. ఇంగ్లీషులో దీనికి ‘సూట్’ వాడాలి. ‘దిస్ కలర్ డజంట్ సూట్ యూ.’

‘జాకెట్టు సెట్ కాలేదు’ అంటాం. అక్కడ ‘ఫిట్’. ‘ది బ్లౌజ్ డజంట్ ఫిట్.’

‘తమ్ముడు ఉద్యోగంలో సెట్ అయ్యాడు’ అంటాం. అక్కడ ‘సెటిల్’. ‘హీ హాజ్ సెటిల్డ్ డౌన్.’

‘సంబంధం సెట్ అయింది’ అంటాం. అక్కడ ‘ఫిక్స్’. ముహూర్తం పెట్టేశారంటే మాత్రం ‘దే హావ్ సెట్ ది డేట్’ అని ధైర్యంగా అనొచ్చు.

సూట్, ఫిట్, సెటిల్, ఫిక్స్... ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించుకోండి. వారంలో నోటికి వచ్చేస్తాయి.

తోకమాటలతో జాగ్రత్త

‘సెట్’ వెనక చిన్న తోక తగిలితే అర్థం మొత్తం మారిపోతుంది. రోజూ పనికొచ్చేవి కొన్ని చెబుతాను.

సెట్ అప్: ఏర్పాటు చేయడం, నెలకొల్పడం. ‘షీ సెట్ అప్ ఎ టైలరింగ్ షాప్’ అంటే కుట్టు దుకాణం పెట్టుకుంది.

సెట్ ఇన్: పట్టుకోవడం, మొదలై నిలవడం. ‘ది రెయిన్స్ హావ్ సెట్ ఇన్’ అంటే వానలు పట్టుకున్నాయి.

సెట్ అవుట్: ఒక ఉద్దేశంతో బయలుదేరడం. ఒక పని చెయ్యాలని పూనుకోవడం కూడా.

సెట్ ఫ్రీ: విడిచిపెట్టడం. పంజరంలోని చిలకనైనా, జైల్లో మనిషినైనా.

ఆల్ సెట్: అంతా సిద్ధం. ప్రయాణానికి సంచులు సర్దుకుని గుమ్మంలో నిలబడి ‘వుయ్ ఆర్ ఆల్ సెట్’ అంటే చాలు.

సెట్ ఆఫ్: దీనికి మూడున్నాయి. బయలుదేరడం ఒకటి. బాణాసంచా కాల్చడం రెండు. మూడోది బ్యాంకు కాగితాల్లో ఉంటుంది, జాగ్రత్తగా వినండి. మీరు బ్యాంకుకి అప్పుండి, అదే బ్యాంకులో మీ పేరనే డిపాజిట్టు ఉంటే, అప్పు తీర్చనప్పుడు ఆ డిపాజిట్టుని అప్పుకింద జమకట్టుకునే హక్కుని ‘రైట్ ఆఫ్ సెట్ ఆఫ్’ అంటారు. బ్యాంకు ఆఫీసరు కాగితం చూపించి సంతకం పెట్టమన్నప్పుడు ఆ మాట కనిపిస్తే బయలుదేరడం అనుకోకండి. బయలుదేరేది మీ డబ్బు! ముఖ్యంగా ఎవరి అప్పుకైనా హామీ సంతకం పెట్టేముందు, నా డిపాజిట్టు మీద దీని ప్రభావం ఏమిటని నోరు తెరిచి అడగండి.

ఆ సోదరి ఉత్తరం

ఇప్పుడు ఉత్తరం సంగతి. పేరూ ఊరూ రాయొద్దని కోరారు, రాయను.

ఆమె భర్త వదిలేశాడు. ఇద్దరు పిల్లలు. మనోవర్తికోసం కోర్టుకి వెళ్లారు. అతను హాజరు కాలేదు. అతను లేకుండానే విచారించి కోర్టు ఆమెకి నెలనెలా డబ్బు ఇవ్వమని ఉత్తర్వు ఇచ్చింది. కొన్నాళ్లకి అతను వచ్చి, తనకి సంగతి తెలియలేదని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ దరఖాస్తు మీద ఏమైందని ఆమె అడిగితే గుమాస్తా ఒక్క ముక్కలో చెప్పాడట: ‘ఆర్డర్ సెట్ అసైడ్ అయిందమ్మా.’ ఆమె ఇంటికొచ్చి కొడుకు డిక్షనరీ తీసి చూసుకున్నారు. ‘పక్కన పెట్టుట, ప్రత్యేకించి ఉంచుట’ అని ఉంది. ‘నా ఉత్తర్వు భద్రంగా పక్కన పెట్టారు కాబోలు, పిలిస్తే వెళ్దాం అనుకున్నాను. మూడు వాయిదాలు అయిపోయాయట. ఇప్పుడు నా కేసే కొట్టేశారంటున్నారు’ అని రాశారు.

ఆమె చూసిన డిక్షనరీ అబద్ధం చెప్పలేదు. ‘షీ సెట్ అసైడ్ సమ్ మనీ’ అంటే డబ్బు దాచిపెట్టింది అనే అర్థం. మంచి విషయమే. కానీ అదే మాట కోర్టులో వస్తే ‘రద్దు చేయడం’. ‘ది ఆర్డర్ ఈజ్ సెట్ అసైడ్’ అంటే ఆ ఉత్తర్వు ఇక చెల్లదని. మన పత్రికలు కూడా ‘కింది కోర్టు తీర్పును హైకోర్టు పక్కన పెట్టింది’ అని రాస్తుంటాయి. అక్కడ కూడా భద్రపరిచిందని కాదు, కొట్టేసిందని అర్థం.

ఇలాంటి పరిస్థితి మీకో, మీకు తెలిసినవాళ్లకో వస్తే ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి. ఒక పక్షం లేకుండా ఇచ్చిన ఉత్తర్వు రద్దయినంత మాత్రాన మీరు ఓడిపోయినట్టు కాదు. కేసు మళ్లీ మొదటినుంచి, ఇద్దరి సమక్షంలో విచారణకి వస్తుంది. అందుకే ‘సెట్ అసైడ్’ అని వినగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘తర్వాతి వాయిదా ఎప్పుడు?’ తేదీ రాయించుకుని రండి.

రెండు. మనోవర్తి ఉత్తర్వు మేజిస్ట్రేటు కోర్టులో అతను లేకుండా వచ్చినదైతే, రద్దు కోరుతూ అతను మూడు నెలల్లోగా దరఖాస్తు పెట్టుకోవాలి, సరైన కారణం చూపించాలి. ఆలస్యంగా వచ్చాడేమో, కారణం నిజమేనా అన్నది మీ వకీలు చూడాలి. మీరూ అడగాలి.

మూడు. వాయిదాలకి వెళ్లకపోవడం వల్ల కేసు కొట్టేస్తే, దాన్ని తిరిగి తెరవమని కోరే వీలుంది. అయితే రోజులు గడిచేకొద్దీ కష్టమవుతుంది. ఎందుకు రాలేకపోయారో దాచకుండా, ఉన్నదున్నట్టు చెప్పండి. మాట అర్థం కాలేదని చెప్పడం నామోషీ కాదు.

నాలుగు. వకీలుకి ఇచ్చుకోలేమని ఆగిపోకండి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం ఆడవాళ్లందరికీ, ఆదాయం ఎంతన్న దానితో పనిలేకుండా, ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. జిల్లా కోర్టుల ప్రాంగణంలోనే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. ఫోను నంబరు 15100.

ఆ సోదరికి విడిగా జవాబు రాశాను. ఇక్కడ అందరికీ చెప్పేది ఒక్కటే. మార్కెట్లో వంకాయ పుచ్చా కాదా అని తిప్పి తిప్పి చూసే మనం, కాగితం మీద మాటని తిప్పి చూడటానికి ఎందుకు జంకుతాం? ‘సారూ, ఈ మాట నాకు అర్థం కాలేదు, తెలుగులో చెప్పండి’ అంటే తల తెగిపోదు. అర్థం కాకుండా తలూపితేనే ప్రమాదం. అయితే డిక్షనరీలో మొదట కనిపించిన అర్థంతో ఆగిపోకండి. ఆ మాట ఎక్కడ వచ్చింది, ఎవరన్నారు, ఏ కాగితం మీద ఉంది అన్నది చూసి, దానికి తగిన అర్థం వెతకండి. వంటింటి అర్థాన్ని కోర్టుకి, కోర్టు అర్థాన్ని బ్యాంకుకి మోసుకుపోవద్దు.

ఈ వారం అభ్యాసం

కింది వాక్యాల్లో ‘సెట్’ అర్థం ఏమిటో ముందు మీరే చెప్పుకుని, తర్వాత జవాబులు చూడండి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి, సరదాగా ఉంటుంది.

1. ది జెల్లీ హాజ్ నాట్ సెట్ ఎట్.
2. వుయ్ సెట్ ఆఫ్ ఎట్ ఫైవ్ ఇన్ ది మార్నింగ్.
3. ది కోర్ట్ సెట్ అసైడ్ ది ఆర్డర్.
4. షీ సెట్స్ అసైడ్ ఫైవ్ హండ్రెడ్ రుపీస్ ఎవ్రీ మంత్.
5. ది టీచర్ సెట్ ఎ టఫ్ పేపర్.
6. ది శారీ సెట్ మీ బ్యాక్ టూ థౌజండ్ రుపీస్.

జవాబులు: 1. జెల్లీ ఇంకా గడ్డకట్టలేదు. 2. పొద్దున అయిదింటికి బయలుదేరాం. 3. కోర్టు ఆ ఉత్తర్వు రద్దు చేసింది. 4. ఆమె నెలకి అయిదు వందలు దాచిపెడుతుంది. 5. టీచరు కష్టమైన ప్రశ్నపత్రం తయారుచేసింది. 6. చీరకి నాకు రెండువేలు వదిలింది!

ఆరూ సరిగ్గా చెప్పారా? శభాష్! మూడోదీ నాలుగోదీ తేడా తెలిస్తే ఈ వారం పాఠం వచ్చినట్టే. ఎక్కడైనా ఇలాంటి మాట మిమ్మల్ని ఇబ్బంది పెట్టి ఉంటే, అది ఏ కాగితం మీద కనిపించిందో, వాక్యం మొత్తం ఎలా ఉందో రాసి పంపండి. ఒక్క మాట రాసి అర్థం అడిగితే నేను చెప్పలేను, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు కదా!

వచ్చే వారం ‘టేక్’తో కలుద్దాం.